గుమ్మము నొద్దనున్న విశ్వాసము

ధ్యానభాగము: మత్తయి 15:21–28

“కుక్కకున్న విశ్వాసము మనిషికి లేదు” అను మాట మన గ్రామములలో విననివారుండరు. అప్పు తీసికొని ముఖము చాటువేయువాని గూర్చియు, ముసలి తలిదండ్రులను విడిచిన కుమారుని గూర్చియు రచ్చబండ యొద్ద ఈ మాట పలుకుదురు. అయితే క్రైస్తవులమైన మనము ఇక్కడ కొంచెము ఆగి ఆలోచింపవలసియున్నది. దేవునియెడల మనకుండవలసినదానికి తెలుగు బైబిలు వాడిన మాట విశ్వాసమే. ఇంటికుక్క యజమానునియెడల చూపుదానికి మన తల్లిభాష వాడిన మాటయు విశ్వాసమే. ఈ రెండును సమానమని మేము చెప్పుట లేదు. అయినను ఒకే మాట రెండు చోట్ల నిలిచియున్నందున ఒక ప్రశ్న పుట్టుచున్నది. మనలను నమ్మిన నోరులేని ప్రాణికి మనము ఏమి ఋణపడియున్నాము?

ఆ ప్రాణివలన మన కుటుంబములకు కలుగు సంతోషమును మొదట చెప్పుకొనుట న్యాయము. తెల్లవారుజామున రైతు పొలమునకు బయలుదేరగా పిలువకయే వెంట నడచునది అది. కళ్లములో ధాన్యపు కుప్ప యున్నన్నాళ్లు రాత్రియంతయు చెవులు నిక్కించి పండుకొనునది అది. పిల్లలు బడినుండి వచ్చు వేళను గడియారము లేకయే యెరిగి వీధి మొగను నిలుచును. బిడ్డలు దూరప్రాంతములకు వెళ్లిపోగా ఒంటరిగా మిగిలిన అవ్వ గంజి వార్చుచు దానితోనే కష్టసుఖములు చెప్పుకొనును. అది తల యెత్తి వినును. ఆదివారమున కుటుంబముతో కూడ గుడివరకు వచ్చి, ఆరాధన ముగియువరకు గుమ్మము వెలుపల చెప్పుల ప్రక్కన పండుకొను కుక్కను చూడని సంఘమున్నదా? దాని ఆయువు సాధారణముగా 10, 12 ఏండ్లు. కావున ఒక మనిషి జీవితకాలములో అయిదారు కుక్కలు ఆ యింట పెరిగి గతించును. “పెద్దవాడు పుట్టిన యేట నల్లది యుండెను, చిన్నదాని పెండ్లినాటికి ఎఱ్ఱది వచ్చెను” అని ఇంటి సంవత్సరములను కుక్కలనుబట్టి లెక్కించు పెద్దలు మన మధ్య నున్నారు.

ఈ స్నేహము నిన్న మొన్నటిది కాదు. 1914లో జర్మనీ దేశమున బాన్ పట్టణము నొద్ద ఓబర్‌కాసెల్ అనుచోట రాళ్లు త్రవ్వు పనివారికి ఒక పురాతనమైన సమాధి కనబడెను. అందులో ఒక పురుషుడు, ఒక స్త్రీ, వారితో ఒక కుక్క యెముకలు ఉండెను. అది సుమారు 14,000 సంవత్సరముల నాటిదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ కుక్క పండ్లను పరీక్షించినవారు 2018లో మరియొక సంగతి ప్రకటించిరి. అది పిల్లగా నున్నప్పుడే డిస్టెంపరు అను కఠినమైన వ్యాధితో వారముల తరబడి బాధపడెననియు, ఎవరైనను దానికి నీళ్లు త్రాగించి, వెచ్చగా ఉంచి, శుభ్రపరచియుండనిదే అంతకాలము బ్రదికియుండదనియు వారి అభిప్రాయము. రోగముతో పడియున్న పిల్ల వేటకు పనికిరాదు, కావలికిని పనికిరాదు. అయినను వారు దానిని పారవేయలేదు. ఆశ్రయించినదానిని ప్రయోజనము చూడక కాపాడుట అను ధర్మము అంత పాతది.

పరిశుద్ధ గ్రంథములో కుక్కను గూర్చి మంచిమాటలు తక్కువేయని ఒప్పుకొనవలెను. యోబు గ్రంథము 30వ అధ్యాయమున మందలు కాయు కుక్కల ప్రస్తావన కలదు. తక్కిన చోట్ల, యెజెబెలు మరణములో వలెనే, మనకు ఎక్కువగా కనబడునవి యజమానులు లేక తిరుగు కుక్కలు. ఒకని నీచపరచుటకు ఆ పేరే వాడెడివారు. అట్లుండగా తూరు సీదోనుల ప్రాంతమున, కుమార్తె నిమిత్తము మొఱ్ఱపెట్టిన కనాను స్త్రీతో ప్రభువు పలికిన మాట వేరు. గ్రీకు మూలములో అది చిన్నకుక్క అను అర్థమునిచ్చు మాట. మన తెలుగు బైబిలులోను కుక్కపిల్లలనియే యున్నది. ఆమె ఆ మాటనే గట్టిగా పట్టుకొనెను. పిల్లల రొట్టె పిల్లలదే. అయినను బల్లక్రింద నున్నదియు ఆ యింటిదే, యజమానుడు దానిని బొత్తిగా మరచువాడు కాడని ఆమె నమ్మిక. ఆ స్త్రీ విశ్వాసమునే ప్రభువు గొప్పదని మెచ్చుకొనెను.

విశ్వాసమునకు రెండు కొసలున్నవి. ఒక కొసన నమ్మువాడు, రెండవ కొసన నమ్మబడినవాడు. దేవుని యెదుట మనము మొదటి కొసన నున్నాము. మన గుమ్మము నొద్దనున్న కుక్క యెదుట రెండవ కొసన నున్నాము. దేవుడు నమ్మదగినవాడని సాక్ష్యమిచ్చు మనము, మనలను నమ్మినదానియెడల ఎట్టివారము?

ఇది ఊహకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. కుటుంబము పనులకై పట్టణమునకు వలసపోవును. తాళము వేసిన తలుపు నొద్ద కుక్క దినములకొలది కూర్చుండును. అది ముసలిదై, కన్ను కానరాక, ఒంటిపై బొచ్చు ఊడిన తరువాత, గోనెసంచిలో వేసి ఏటి ఆవల విడిచివచ్చువారు కలరు. “మనుష్యులకే అన్నము చాలనప్పుడు కుక్కకేల?” అని కొందరడుగుదురు. ఆ మాటలో న్యాయమున్నది. పిల్లల పళ్లెములోనిది తీసి కుక్కకు వేయుమని ఆ స్త్రీ అడుగలేదు. పేదయిల్లు పెట్టగలిగినది ఇంత చద్దియు, చిప్పెడు నీళ్లును, ముసలితనములో చూరు క్రింద కొంచెము నీడయు. సాకలేనివారు కుక్కను తెచ్చుకొనకుండుట దోషము కాదు. ఊరు విడువవలసినప్పుడు పొరుగువారిని బ్రతిమాలి అప్పగించిపోవుటయు దోషము కాదు. నమ్మించి విడుచుటయే దోషము; మన భాషలో దానికి విశ్వాసఘాతుకమని పేరు. తగిన కారణము లేక జంతువును ఆకలిదప్పుల పాలగునట్లు విడిచిపెట్టుట నేరమని 1960లో మన దేశమున చేయబడిన జంతుహింస నివారణ చట్టము చెప్పుచున్నది. ఆ చట్టమునకు ఎన్నో శతాబ్దములకు ముందే సామెతలు 12:10 పశువుల ప్రాణముపట్ల దయను నీతిమంతుని గుర్తుగా చూపియున్నది.

నమ్మదగినవారమగుట యనగా ముద్దుచేయుట మాత్రమే కాదు. కుక్కకాటువలన వచ్చు రేబీస్ లక్షణములు బయటపడిన తరువాత బ్రదికినవారు బహు అరుదు. అయితే దానిని రాకుండ ఆపవచ్చును. 1885 జూలై 6న పారిస్ నగరములో లూయీ పాశ్చర్ తన టీకాను జోసెఫ్ మైస్టర్ అను 9 ఏండ్ల బాలునికి వేయించెను; ఆ బాలుడు బ్రదికెను. నేడు కుక్కపిల్లకు 3 నెలల వయస్సున పశువుల ఆసుపత్రిలో టీకా వేయించి, వైద్యుడు చెప్పిన కాలమున మరల వేయించుచుండవలెను. కుక్క కరచినయెడల గాయమును సబ్బుతోను పారునీటితోను 15 నిమిషములు కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. కారము, సున్నము, పసరు పూయరాదు. పూర్వము బొడ్డుచుట్టు పొడిచెడి సూదులు ఇప్పుడు లేవు, చేతికే వేయుదురు. తన యింటి కుక్కకు టీకా వేయించినవాడు పొరుగువాని బిడ్డను కూడ కాపాడినవాడగును.

కుక్క చనిపోయినప్పుడు పిల్లలు ఏడ్చుచు, “మరల దానిని చూతుమా?” అని అడుగుదురు. వారిని నవ్వవలదు. నాతాను ప్రవక్త దావీదు మనస్సాక్షిని తట్టుటకు, పేదవాని యింట బిడ్డలతోకూడ పెరిగిన గొఱ్ఱెపిల్ల కథనే చెప్పెను (2 సమూయేలు 12). అట్టి ప్రేమ హాస్యాస్పదమైనదైతే ప్రవక్త దానిని రాజు నెదుట పెట్టియుండడు. జాన్ వెస్లీ 1781లో రోమా 8వ అధ్యాయముపై వ్రాసిన ప్రసంగములో, సృష్టికి కలుగబోవు విడుదలలో మూగజీవులకును పాలుండునని బోధించెను. సృష్టి యావత్తు మూలుగుచు విడుదలకొరకు ఎదురుచూచుచున్నదని పౌలు చెప్పినంతవరకు మేము నిశ్చయముగా చెప్పగలము. ఆ మీదిది సృష్టికర్త చేతిలో నున్నది. ఆయన చేతులు మన చేతులకంటె దయగలవి. పిల్లలతో అట్లే చెప్పి, వారితో కలిసి చెట్టుక్రింద గుంట త్రవ్వి దానిని పాతిపెట్టుడి.

మిక్కిలి కొంచెములో నమ్మకముగా నుండువాని గూర్చి లూకా 16:10లో ప్రభువు చెప్పిన మాట మనమెరుగుదుము. ఇంటి వాకిట నున్న కుక్క మిక్కిలి కొంచెమైనదే. ఈ రాత్రి భోజనమైన పిమ్మట తలుపు వేయకముందు దాని చిప్పలో నీళ్లున్నవో లేవో చూడుడి.