లవము, హారము

విద్యుదుత్పాదన మార్గములలో నేది యెంత ప్రమాదకరమో తూచుటకు శాస్త్రజ్ఞులొక భిన్నమును కల్పించిరి: లవమున మరణములు, హారమున టెరావాట్-గంటలు. ప్రపంచమంతటి అంచనాలను బట్టి టెరావాట్-గంటకు బొగ్గు సుమారు 25 ప్రాణములను బలిగొనగా, అణుశక్తికి వచ్చునది 0.03, ఎండ కరెంటుకు 0.02. కొవ్వాడ అణుకేంద్రమను మాట చెవిని బడినంతనే గుండె ఝల్లుమను మనము, రామగుండము, కొత్తగూడెముల పొగగొట్టముల క్రింద నిశ్చింతగా సంసారములు సాగించుచున్నాము; బొగ్గు గనిలో కంటె గాలిలోనే యెక్కువగా చంపునని, ఆ చావులకు తేదీయు వార్తయు నుండవని తెలియజెప్పిన ఈ భిన్నముపై నాకు గౌరవము కలదు.

జలవిద్యుత్తునకు వచ్చు 1.3లో అత్యధికభాగము 1975లో చైనాలో బాన్‌చియావ్ ఆనకట్ట తెగినప్పటిదే. మరి 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్కేంద్రమున అసువులు బాసిన తొమ్మండుగురి మాట యేమి? విద్యుదుత్పాదక సంస్థ జెన్‌కో ఉద్యోగు లేడుగురు, బ్యాటరీల పనికి వచ్చినవా రిద్దరు. వారిని కృష్ణానది ముంచలేదు. విద్యుత్ ప్యానెళ్లలో రేగిన మంట సొరంగమును పొగతో నింపగా ఊపిరాడక పోయిరి.

హైదరాబాదు రాయదుర్గములో నేను పనిచేయు మేడలో కరెంటు పోయినచో దీపములు క్షణకాలము రెప్పవాల్చును. కంప్యూటరు తెర మాత్రము చలింపదు. యూపీఎస్ అందుకొనును, పిమ్మట డీజిలు జనరేటరు గుర్రుమనును, ఎవ్వరును తల యెత్తరు. ఆ హారమున నున్నది తల యెత్తని మేమే. లవమున నున్నవారు ఆ తొమ్మండుగురు, 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఈ.పీ. బొగ్గు గనిలోనికి నీరు విరుచుకొనిపడగా మునిగిన 17 మంది కార్మికులు. ఒకే గీతకు మీదను క్రిందను నుండియు మాకు వారి ముఖములు తెలియవు. ఇది నన్ను బాధించుచున్నది.

మా ప్రాంగణములు ఎండ కరెంటుకు మారవలెనని నేను మనసార కోరుచున్నాను. కాని పగటి యెండ రాత్రికి నిలువయుండవలెనన్న బ్యాటరీలు కావలెను. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో, క్రింద విద్యుత్ స్కూటర్ల షోరూములో పుట్టిన మంట పొగ మెట్లవెంట పైనున్న లాడ్జికి ప్రాకి ఎనిమిదిమందిని పొట్టనబెట్టుకొన్నది. శ్రీశైలమునను సికింద్రాబాదునను చంపినది పొగయే. మా అద్దాల మేడలలోను బ్యాటరీ గదులున్నవి. అక్కడ మంట రేగినచో పొగ మెట్లదారి పట్టక యెటు పోవునో, రాత్రి షిఫ్టువారు ఏ తలుపున బయటపడుదురో కనుగొననంతవరకు, ఏ యింధనము మేలన్న చర్చ నాకు సగమే జరిగినట్లు తోచుచున్నది.