అమ్మ అడిగిన ప్రశ్న

నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తెలిసిన రోజు అత్తగారు "మీ పుట్టింటి జబ్బే" అన్నారు. నరాల పైపొరను మన రోగనిరోధక శక్తే దెబ్బతీసే జబ్బిది. రాత్రి అమ్మ మెల్లగా అడిగింది: "నా నుంచే వచ్చిందా తల్లీ?"

కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది. అందులో 37 జన్యువులు. అక్కడ ఒక మార్పు వల్ల చూపు పోగొట్టే లెబర్ వ్యాధి వస్తుంది. ఆ మార్పున్న కొందరు స్త్రీలలో నా జబ్బులాంటిదే కనిపించిందని 1992లో అనిటా హార్డింగ్, ఆమె సహచరులు రాశారు. అయితే అది అరుదు. ఎక్కువ ప్రమాదం తెచ్చే హెచ్.ఎల్.ఎ. జన్యువులు తండ్రి నుంచీ రావచ్చు. 2022లో అమెరికా సైనికులపై వచ్చిన అధ్యయనం ఎప్‌స్టీన్-బార్ వైరస్‌ను ముందుకు తెచ్చింది. ఇన్ని ఉండగా నాన్ననెవరూ అడగలేదు. ఆయనా తనను తాను అడుక్కోలేదు.

అమ్మ ఎంచుకోనిదానికి దోషం ఆమెదెలా అవుతుంది? నన్ను నడిపిస్తున్న శక్తీ ఆ మైటోకాండ్రియాదే. అయితే దోషం కాదన్నప్పుడు ఆ ఘనతా అమ్మది కాదనాలి. అలా అనడానికి నాకు నోరు రాదు. ఇది తర్కం కాదని తెలుసు.

రోగి పిల్లల్లో ఈ జబ్బు నూటికి ఇద్దరు ముగ్గురికే వస్తుంది. మొన్న జడ వేస్తుంటే నా కూతురు "నీ జుట్టే వచ్చింది కదమ్మా నాకు" అంది. నా చేయి ఆగింది.