కాలానికి హద్దులు గీసేదెవరు?

క్రియకు చోటు ఆధారమైనట్లే కాలమూ ఆధారమని భారతీయ వ్యాకరణం అంగీకరించింది; అయితే ఆ ఆధారంలో కనిపించే విభాగాలు కాలానికి సహజమైనవా, మనుషులు కల్పించుకున్నవా అన్నది దర్శనాలు లోతుగా విచారించిన ప్రశ్న. ఇంగ్లీషులో కాలాన్ని తెలిపే ప్రిపోజిషన్ల, అనగా నామానికి ముందు వచ్చి విభక్తి పని చేసే పదాల, సరైన వాడుక కూడా ఈ ప్రశ్నతోనే ముడిపడి ఉంది. ఆ భాష గడియారపు వేళకు ‘ఆట్’, దినానికి ‘ఆన్’, మాస సంవత్సరాలకు ‘ఇన్’ వాడితే, తెలుగు ‘ఆరింటికి’, ‘సోమవారం నాడు’, ‘అక్టోబరులో’ అంటూ అటువంటి భేదాన్నే పాటిస్తుంది.

వైశేషికుల మతంలో కాలం తొమ్మిది ద్రవ్యాలలో ఒకటి. అది ఏకం, నిత్యం, సర్వవ్యాపి. క్షణం, దినం, మాసం అనేవి ఉపాధుల వల్ల, అంటే సూర్యగమనం వంటి బయటి క్రియల సంబంధం వల్ల, దానిలో ఉన్నట్లు తోచే భేదాలు మాత్రమే. ఓరుగల్లు పతనానంతరం ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు స్థాపించాడని సంప్రదాయం చెప్పే పూర్వపు బస్తర్ రాజ్య ప్రాంతంలో, దంతేశ్వరీ దేవి ఆరాధనగా 75 రోజులు సాగే దసరా ఇందుకు మంచి నిదర్శనం. పాట్ జాత్ర అనే పూజతో ఆ పండుగ ఆరంభమయ్యే హరేలీ అమావాస్య, పూర్ణిమతో నెల ముగిసే అక్కడి గణనలో శ్రావణానిది, అమావాస్యతో నెల ముగిసే తెలుగువారి గణనలో ఆషాఢానిది. ‘ఆన్’ చేరే దినం కదలకుండానే ‘ఇన్’ చేరే మాసం మారిపోయిందంటే, ఆ హద్దు కాలంలో లేదనీ గణనలోనే ఉందనీ స్పష్టమవుతుంది.

ఆ పండుగలోనే, కార్యం నిర్విఘ్నంగా సాగాలని జగదల్‌పూర్‌లోని సిరాసార్‌లో ఒక యువకుడు తొమ్మిది రోజులు కదలక దీక్షలో కూర్చుంటాడు. దీనిని జోగీ బిఠాయి అంటారు. దీక్ష ఆ వ్యవధినంతటినీ నింపుతుంది గనుక ఇంగ్లీషులో ఇక్కడ ‘ఫర్’ రావాలి. క్రియకూ కాలానికీ ఎడతెగని కూడికను ‘అత్యంతసంయోగం’ అని పేర్కొని పాణిని ద్వితీయా విభక్తిని విధించినది ఇటువంటి అర్థంలోనే. రథయాత్ర, మురియా దర్బార్ అనే ప్రజాసభ వంటివి పండుగ వ్యవధిలో కొంత భాగాన్నే ఆక్రమిస్తాయి గనుక వాటికి ‘డ్యూరింగ్’ తగుతుంది.

కాలాన్ని ఒక శక్తిగా భావించిన భర్తృహరి, దాని భేదాలు క్రియల ద్వారానే తెలుస్తాయని వాక్యపదీయంలో ప్రతిపాదించాడు. ఈ దృష్టితో చూస్తే, ప్రిపోజిషన్‌ను ఎంచుకునేవారు ముందుగా తేల్చుకోవలసినది కాలం ఎంత పెద్దదన్నది కాదు, తాము చెప్పే క్రియ దానిని తాకిందా, దానిలో ఇమిడిందా, దానిని నింపిందా అన్నది. అఖండమైన కాలానికి హద్దులు గీసేది క్రియే కాబట్టి, ఆ హద్దులను నిజాయితీగా పలకడం వ్యాకరణ నియమమే కాక సత్యనిష్ఠలో భాగం కూడా అవుతుంది.