ఆమెను ఆపకండి



మీ వాడలో ఒక మనిషి ఉంటాడు, గుర్తు చేసుకోండి. రాత్రిపూట ట్రాక్టర్ చప్పుడైతే చాలు, నిద్రలోంచి లేచి కూర్చుంటాడు. అన్నం తినేటప్పుడు కూడా గోడకు వీపు ఆనించి, గుమ్మం కనపడేట్టు కూర్చుంటాడు. వెనక నుంచి సొంత పిల్లాడు భుజం మీద చెయ్యేసినా ఉలిక్కిపడి కొట్టబోతాడు. దాడి జరిగి ఏళ్లు గడిచాయి. కానీ ఆ సంగతి ఆయన ఒంటికి ఇంకా తెలియదు. ఆడమనిషైతే కాలవగట్టు దారి మానేసి చుట్టూ తిరిగి పొలం వెళుతుంది. ఎందుకమ్మా అంటే చెప్పదు.

ఇంట్లోవాళ్లు పిరికితనం అంటారు. పక్కింటివాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. ధమ్మం తీసుకున్న ఇళ్లలో కూడా ఈ తాయెత్తులు కనపడుతున్నాయి, దాచడం దేనికి?

డాక్టర్లు దీన్ని పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, పొట్టిగా పీటీఎస్‌డీ అంటారు. ఈ పేరు 1980లో అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలోకి ఎక్కింది. చావును దగ్గరగా చూసినవాళ్లకి, మానభంగానికి గురైనవాళ్లకి, కళ్లముందు అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లకి ఇది రావచ్చు. అందరికీ రాదు. వచ్చినవాళ్లకు ఆ జ్ఞాపకం పాతబడదు. ఒక వాసన, ఒక కేక, ఒక తారీఖు తగిలితే మళ్లీ ఇప్పుడే జరుగుతున్నట్టు గుండె దడదడలాడుతుంది, చెమట పడుతుంది. దాన్ని గుర్తుచేసే చోట్లనుంచి, మనుషులనుంచి తప్పించుకు తిరుగుతారు. నిద్ర ఉండదు. కొందరికి ప్రేమ, సంతోషం కూడా మొద్దుబారిపోతాయి. తప్పంతా తమదే అనిపిస్తుంది. నెల దాటినా ఇలాగే ఉండి, బతుకు సాగకపోతే అది జబ్బే. ప్రమాదం దాటిపోయినా లోపలి కాపలావాడు డ్యూటీ దిగలేదన్నమాట. ఇందులో పిరికితనం ఎక్కడుంది?

బాబాసాహెబ్ విదేశాల్లో చదివి బరోడాలో ఉద్యోగానికి చేరినప్పుడు ఒక పారసీ సత్రంలో తలదాచుకున్నారు. కులం తెలిసి డజను మంది కర్రలు పట్టుకొచ్చి గదిముందు నిలబడ్డారు. పద్దెనిమిదేళ్ల తర్వాత కూడా ఆ దృశ్యం కళ్లకు కట్టినట్టు కనపడుతుందని, కన్నీళ్లు రాకుండా తలుచుకోలేనని ఆయనే తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. ఆయనకు జబ్బుందని నేను అనడం లేదు. అంతటి మనిషి మనసులో కూడా అవమానం అంతకాలం పచ్చిగా ఉండిపోయిందని మాత్రం గమనించండి.

ఇక మన నేల సంగతి. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురిని చంపారు. బతికినవాళ్లు ఊరొదిలి చీరాల చేరారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. ఆ కేసులో ప్రత్యేక కోర్టు తీర్పు రావడానికి 2007 దాకా పట్టింది. 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. సాక్షి అన్నాళ్లూ ఏం చెయ్యాలి? మరిచిపోకూడదు, మరిచిపోతే కేసు పోతుంది. మరిచిపోకపోతే నిద్ర పోతుంది. చనిపోయినవాళ్లను లెక్కపెట్టాం, మంచిదే. బతికినవాళ్ల రాత్రులు ఎవరు లెక్కపెట్టారు?

'పూర్వజన్మ కర్మ' అనే మాట ఇలాంటి చోటే వస్తుంది. ఉపాసకుడి నోట ఆ మాట రాకూడదు. పేదల, అణగారినవాళ్ల స్థితికి సమాజం, రాజ్యం బాధ్యత తప్పించుకోవడానికే గతజన్మ కర్మ పనికొస్తుందని 'బుద్ధుడు–ఆయన ధమ్మం'లో బాబాసాహెబ్ తేల్చి చెప్పారు. కర్ర పట్టుకున్నవాడిది తప్పు. దెబ్బ తిన్నవాడిది కాదు.

పటాచార కథ మీకు తెలుసు. భర్త పాముకాటుకి పోయాడు. ఒక బిడ్డను గద్ద ఎత్తుకుపోయింది, ఇంకో బిడ్డ ఏట్లో కొట్టుకుపోయాడు. ఇల్లు కూలి తల్లిదండ్రులు, అన్న పోయారు. ఒంటిమీద బట్ట లేదన్న సంగతి కూడా తెలియకుండా తిరుగుతూ జేతవనం చేరింది. జనం పిచ్చిదాన్ని రానివ్వొద్దన్నారు. తథాగతుడు ఆమెను ఆపకండి అన్నాడు. దగ్గరికి రానిచ్చి, చెల్లీ, స్పృహ తెచ్చుకో అన్నాడు. ఒకాయన తన పైబట్ట ఇచ్చాడు. ఆ తర్వాతే ఆమె చెప్పుకుంది, ఆయన విన్నాడు, ఉపదేశం చేశాడు. వరస చూశారా? ముందు చోటు, తర్వాత బట్ట, తర్వాత మాట. మనవాళ్లు తిరగేసి ఉపదేశంతో మొదలుపెడతారు. ఆ పటాచారే తర్వాత భిక్షుణి అయి, బిడ్డలు పోయిన ఎందరో తల్లులకు ఓదార్పయింది.

రెండు బాణాల సూత్రం కూడా చాలామంది చెబుతారు. ఒంటికి తగిలింది మొదటి బాణం, దానికి మనసు కుమిలిపోవడం రెండోది. మంచి బోధ. కానీ పీటీఎస్‌డీ ఉన్న మనిషి ముందు నిలబడి 'రెండో బాణం నువ్వే గుచ్చుకుంటున్నావు' అనడం అన్యాయం. ఆ ఉలికిపాటు ఆయన ఎంచుకున్నది కాదు. 'ఇలా ఉలిక్కిపడుతున్నాను, నేను పనికిమాలినవాణ్ణి' అని తనను తాను తిట్టుకుంటున్నాడే, ఆ మాటను మెల్లగా వదిలించగలిగితే చాలు.

ధ్యానం విషయంలో జాగ్రత్త. కళ్లు మూసుకుని కదలకుండా కూర్చోమంటే కొందరికి ఆ రాత్రే కళ్లముందుకొస్తుంది. పదిరోజుల మౌన శిబిరానికి బలవంతంగా పంపకండి. కళ్లు తెరిచే ఉండనివ్వండి. పాదాలు నేలకు ఆనించి, ఎదురుగా కనపడే ఐదు వస్తువుల పేర్లు చెప్పమనండి. కూర్చోలేకపోతే నడవనివ్వండి. నడక కూడా ధ్యానమే.

మందు గురించి ఒకరు అడిగారు, ఐదో శీలానికి అడ్డు కాదా అని. కాదు. సారా శీలానికి అడ్డు, 22 ప్రతిజ్ఞల్లో కూడా ఉంది. పైగా సారాతో నిద్రపట్టినట్టుంటుందే గానీ జబ్బు ముదురుతుంది. డాక్టరు రాసిచ్చిన మాత్ర మత్తుపానీయం కాదు. భిక్షువులకు మందులు వాడుకోమని చెప్పింది బుద్ధుడే. ఆ మాత్రలు పనిచేయడానికి వారాలు పడుతుంది, మధ్యలో మనంతట మనం ఆపకూడదు. మాటలతో చేసే వైద్యం కూడా ఉంది. శిక్షణ పొందినవాళ్లు ఆ జ్ఞాపకాన్ని కొంచెం కొంచెంగా తాకిస్తూ దాని వాడి తగ్గిస్తారు. చాలామందికి నయమవుతుంది. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోతానన్న మాట వినపడితే మనిషిని ఒంటరిగా వదలకండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

సంఘానికి ఇంకో మాట. సభ పెట్టినప్పుడల్లా బాధితురాలిని వేదిక ఎక్కించి ఆ రోజు ఏం జరిగిందో చెప్పమనడం మానాలి. ఆమె తనంతట తాను చెబుతానంటే వినాలి, వద్దంటే ఆ గాయం మన ఉపన్యాసానికి సరుకు కాదు. ఎట్రాసిటీ చట్టానికి 2015లో వచ్చిన సవరణ బాధితులకీ సాక్షులకీ హక్కులిచ్చింది, వాటిని చదివి వినిపించండి. వాయిదా రోజున ఇద్దరు వెంట వెళ్లండి. ముందురోజు రాత్రి ఆ ఇంట్లో ఒకరు పడుకోండి. కోర్టు వరండాలో ముద్దాయిల తరఫువాళ్లకు ఎదురుగా కాకుండా చోటు చూడండి. సాక్ష్యం అయ్యాక ఏం చెప్పావని అడగొద్దు. టీ తాగించి, కాసేపు పక్కన నడిచి, ఇంటిదాకా దిగబెట్టి రండి. వారం తర్వాత మళ్లీ వెళ్లండి, ఎందుకంటే అప్పటికి మిగతావాళ్లంతా వెళ్లడం మానేసి ఉంటారు.