కావడి మోయువారెవరు?

సిరొంచ పట్టణమునకు సమీపమున ప్రాణహిత గోదావరిలో కలియుచున్నది. ఆవలి యొడ్డున కాళేశ్వర క్షేత్రము. నదికి రెండు దరులందును తెలుగే వినబడును గాని, ఒక దరి తెలంగాణము, ఒక దరి మహారాష్ట్రము. 1860లో నైజాము ప్రభుత్వమునుండి ఆంగ్లేయుల చేతికి వచ్చిన యీ సీమకు సిరొంచ కొంతకాలము ఎగువ గోదావరి జిల్లా ముఖ్యస్థానముగా నుండెను. 1874లో ఆ జిల్లా రద్దయి చాందా జిల్లాలో కలిసినది. నేడు తొంబదియేండ్లకు చేరిన సిరొంచ వృద్ధురాలు ఒకతె సెంట్రల్ ప్రావిన్సులలో పుట్టి, 1950లో మధ్యప్రదేశమున, 1956లో బొంబాయి రాష్ట్రమున, 1960లో మహారాష్ట్రమున, 1982లో గడ్చిరోలి జిల్లాలో చేరినది. ఇన్ని మార్పులకును ఆమె తన వాకిలి దాటి పోయినది కాదు. ప్రభుత్వములే ఆమె వాకిటికి వచ్చి పోయినవి.

ఇట్టి వాకిండ్లలో నేడొక ప్రశ్న నిలిచియున్నది. ఇంటిలో మంచము పట్టిన ముదుసలిని చూడవలసినవారెవరు? కన్నబిడ్డలే తీర్చవలసిన ఋణమా యది? లేక ఊరును, ప్రభుత్వమును, కూలి పుచ్చుకొను పరాయి చేతులును పంచుకొనదగిన భారమా?

ఈ ప్రశ్న నాకు గ్రంథములనుండి కలిగినది కాదు. సిరొంచ తాలూకాలోని యొక పల్లెయందు మా మేనత్త యున్నది. తుంటి విరిగిననాటినుండి ఆమె లేచి నడువలేదు. ఏటేట మిరపకోతల కాలమున ఈ ప్రాంతపు జనము గోదావరి దాటి తెలంగాణమునకు కూలికి పోవుట పరిపాటి. అప్పుడు పల్లెలలో మిగులువారు ముసలివారును పసివారును. ఒక సంవత్సరము ఆమె కొడుకును కోడలును పోవలసివచ్చి, పొరుగింటి యువతికి దినకూలి యిచ్చి అత్తను చూడుమని కోరిరి. మా మేనత్త ససేమిరా ఒప్పుకొనలేదు. “నా కొడుకు బతికే ఉన్నడు గద బిడ్డా! కూలికి వచ్చినామె నన్ను కడుగుడేంది?” అని నాతో అన్నది. ఆ మాటలో కోపముకంటె అవమానమే యెక్కువగా వినబడినది.

ఆ యవమానమును తేలికగా త్రోసివేయరాదు. మన జాతి తరతరములుగా విన్న ఆదర్శము దాని వెనుక నున్నది. అంధులైన తల్లిదండ్రులను కావడిలో మోసిన శ్రవణకుమారుని కథ ఎరుగని తెలుగు ఇల్లు లేదు. మహారాష్ట్ర ప్రభుత్వము అరువదియైదేండ్లు నిండిన పేదలకిచ్చు పింఛనుకు సయితము శ్రావణబాళ్ సేవా యోజన యనియే పేరు పెట్టినది. ప్రభుత్వ మిచ్చు రూకలకు కొడుకు పేరు పెట్టుటలో, కొడుకు స్థానమును మరియొకరు పూరింపవలసి వచ్చినదను ఒప్పుకోలు దాగియున్నది గదా!

అయితే ఆ కథను చివరివరకు వినువారు ఒక సంగతి గమనింపవలెను. నీటికై పోయిన కుమారుడు దశరథుని బాణమునకు కూలెను. తరువాత తల్లిదండ్రులు బ్రదుకలేదు. ఒక్క బాణము ముగ్గురి ప్రాణములు తీసినది. ఆ యడవిలో వారికి నీరందించు రెండవ చేయి లేదు. కుమారుని భక్తికి లోపము లేదు. లోపమంతయు ఆ యేర్పాటులో నున్నది. సేవాభారమంతయు ఒక్క భుజముపై నుంచిన సంసారము ఆ భుజము తొలగిననాడు కూలక తప్పదు. నేటి పల్లెలకు వలసకూలియే ఆ బాణము. కొడుకు చెడ్డవాడు కానక్కరలేదు, దూరమున నున్న చాలును.

మరియొక సంగతి. కథలో కావడి మోసినది కొడుకే గాని, మన యిండ్లలో నిజముగా మోయుచున్నది కోడలు. రాత్రి మూడుసార్లు లేచి ప్రక్క మార్చునది, పక్కబట్టలుతుకునది, అన్నము మెత్తగా పిసికి పెట్టునది ఆమెయే. మా మేనత్త కోడలు రెండేండ్లు ఒక్క రాత్రియైనను నిండుగా నిదురించి యెరుగదు. పుణ్యము కొడుకు ఖాతాలోను, శ్రమ కోడలి ఒంటిమీదను పడుట ధర్మమని యే శాస్త్రము చెప్పగలదు? గృహసేవా సంస్కరణ మనగా మొదట ఈ లెక్క సరిచేయుటయే.

చట్టము తన వంతు చేసినది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము బిడ్డలనుండి భరణము కోరు హక్కును వృద్ధులకిచ్చినది; ఆలకించుటకు ట్రిబ్యునళ్లను ఏర్పరచినది. అది అవసరమే. కాని న్యాయస్థానము రూపాయలనిప్పింపగలదు. పుండు పడకుండ ప్రక్క మార్చు చేతిని ఉత్తరువుతో పంపజాలదు. ఆ చేయి ఇంటికి సమీపముననే దొరకవలెను.

అది దొరకునని చూపినది మరెవరో కాదు, ఈ గడ్చిరోలి జిల్లాయే. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు నెలకొల్పిన సెర్చ్ సంస్థ, ఆసుపత్రికి పోజాలని నవజాత శిశువులకొరకు పల్లెస్త్రీలకు శిక్షణ యిచ్చి ఇంటింటికి పంపినది. ముప్పదితొమ్మిది గ్రామములలో ఈ సేవ జరుపగా, సేవ లేని గ్రామములతో పోల్చినప్పుడు మూడవయేట నవజాత శిశుమరణములు నూటికి అరువదిరెండు వంతులు తగ్గినట్లు 1999లో లాన్సెట్ పత్రికలో ప్రకటితమైనది. 2011లో ఈ పద్ధతియే ఆశా కార్యకర్తలద్వారా దేశమంతట ప్రవేశించినది. పెద్ద చదువు లేని స్త్రీ, తన ఊరిలో, తన భాషలో, ఇంటి గడపలోనే ప్రాణము నిలుపగలదని లోకమునకు నేర్పినది ఈ యడవిజిల్లా.

పుట్టినవారికి సాధ్యమైనది పండిపోవువారి కేల సాధ్యము కాకూడదు? ఆ సంస్థవారే గ్రామీణ గడ్చిరోలి మరణములను పరిశీలించి, ఇంచుమించు ఏడింట నొకటి పక్షవాతమువలన కలిగినదనియు, ఆ రోగులలో అత్యధికులు ఇంటిలోనే కన్నుమూసిరనియు 2015లో తెలిపిరి. ముదుసలి ఆసుపత్రికి పోకున్నచో, సేవయే ముదుసలి యొద్దకు పోవలెను. 2008లో ఉపశమన సేవకు ప్రత్యేక విధానమును ప్రకటించిన కేరళలో, స్థానిక పంచాయతీల ఆధ్వర్యమున దాదులు మంచము పట్టినవారి యిండ్లకు పోవుచున్నారు. 2018లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ ఆరోగ్యకేంద్రముల సేవలలో వృద్ధసేవయు చేరినది. కాగితముపై చేరినది గడపవరకు చేరుటయే మిగిలియున్నది.

ఇక్కడ ఒక ఆక్షేపణ కలదు. పరాయిచేతులు దొరికినచో కన్నచేతులు జారుకొనవా? కూలి పంపి నిశ్చింతగా నుండు కొడుకులు పెరుగరా? ఈ భయము నిరాధారమని నేననను. అట్టివారు కొందరుందురు. కాని సేవలోని శ్రమ వేరు, బాధ్యత వేరు. శ్రమను పంచుకొనవచ్చును; బాధ్యతను బదిలీ చేయరాదు. వంటకు మనిషిని పెట్టుకొన్న తల్లి తల్లి కాకపోదు. బిడ్డ తిన్నదీ లేనిదీ అడుగుట మానినచో తల్లి కాదు. కావున పరాయిచేయి రాగానే కొడుకు విధి ముగియదు. ఆమె సరిగా చేయుచున్నదా, అత్త మనసు నొచ్చినదా యని కనుగొనుట అతని విధిగా మిగులును.

ఆ పరాయిచేతికిని కొంత ఋణపడియున్నాము. ఆమెకు శిక్షణ కావలెను, న్యాయమైన కూలి కావలెను, పనిమనిషి యను చిన్నచూపు పోవలెను. వృద్ధుల యిష్టము నడిగి చేయవలెను. అన్నిటికంటె మించి, సిరొంచలో సేవ తెలుగులో నడువవలెను. పత్రము మరాఠీలో నుండవచ్చును. నొప్పి మాత్రము మాతృభాషలోనే పలుకును. “ఎక్కడ గుంజుతున్నది?” అని అడుగ నేర్వనివారు మందు పేరెంత నేర్చినను సగము వైద్యమే చేయుదురు.

మా మేనత్త తుదకు ఒప్పుకొన్నది. కొడుకు చెప్పినందున కాదు, కోడలు కండ్లక్రింది నలుపు చూచి ఒప్పుకొన్నది. మరుసటి యేడు నేను పోయినప్పుడు ఆ యువతి ఆమె తల దువ్వుచుండగా ఇద్దరును ఏదో కాళేశ్వరపు జాతర ముచ్చట చెప్పుకొని నవ్వుచుండిరి. “ఈ పిల్ల చేతులు మంచియి” అని నాతో అన్నది. సాయంకాలమైన పిమ్మట మాత్రము ఆమె చూపు గోదావరి వంతెనవైపు పోవు బాటమీదనే నిలిచినది. ఆ యెదురుచూపునకు కూలి యిచ్చి ఎవరినీ పెట్టలేము. అది తీర్చవలసినవాడు వంతెన దాటి రావలసినదే.