ఫార్వర్డ్ చేయటమూ సాక్ష్యమే

ఎన్నికలు దగ్గరపడితే చాలు, ఇంటింటా మొబైల్ ఫోన్లు మోగుతూనే ఉంటాయి. ఒకప్పుడు నాయకుడి మాట వినాలంటే సభకు వెళ్ళవలసి వచ్చేది. ఇప్పుడు అతని ప్రసంగం, అతని మీద ఆరోపణ, ఆ ఆరోపణకు జవాబు అన్నీ వాట్సాప్ ద్వారా మన అరచేతిలోకే వస్తున్నాయి. ఈ ప్రచారం కోసం పార్టీలు ప్రత్యేక విభాగాలనే నడుపుతున్నాయి. అయితే వారు తయారుచేసిన సందేశాన్ని బంధువుల గ్రూపుకు, మొహల్లా గ్రూపుకు చేరవేసేది ఎవరు? మనమే! కనుక ఈ పని గురించి ఇస్లాం ఏమంటున్నదో తెలుసుకోవటం ప్రతి విశ్వాసి బాధ్యత.

దుర్మార్గుడెవడైనా ఒక వార్త తెస్తే దాని నిజానిజాలను విచారించుకోవాలని, లేకుంటే తెలియక ఒక వర్గానికి నష్టం కలిగించి ఆ తర్వాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని అల్లాహ్ విశ్వాసులను హెచ్చరించాడు (అల్ హుజురాత్ : 6).

ఈ ఆయతు అవతరణ నేపథ్యాన్ని చాలామంది వ్యాఖ్యాతలు ఇలా వివరించారు. బనూ ముస్తలిఖ్ తెగ నుండి జకాత్ వసూలు చేసుకు రమ్మని దైవప్రవక్త (సల్లం) ఒక వ్యక్తిని పంపారు. అతను భయపడి దారిలోనే వెనక్కి తిరిగాడు. వారు జకాత్ ఇవ్వటానికి నిరాకరించారని మదీనాలో చెప్పాడు. వ్యవహారం యుద్ధం దాకా వచ్చింది. అంతలో ఆ తెగవారే వచ్చి, తాము జకాత్ సిద్ధం చేసుకుని ఎదురుచూస్తున్నామని చెప్పారు. అది ఒక తెగకూ మదీనా ప్రభుత్వానికీ మధ్య వ్యవహారం. అంటే నేటి భాషలో రాజకీయ వార్తే!

“నేను సృష్టించలేదు కదా, వచ్చిందే పంపాను” అని కొందరు అంటారు. విన్నదల్లా ఇతరులకు చెప్పటమే మనిషి అబద్ధాలకోరు అనిపించుకోవటానికి చాలని దైవప్రవక్త (సల్లం) ప్రబోధించారు (ముస్లిం). వదంతులు ప్రాణాలు తీసిన తర్వాత 2018లో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి అయిదు చాట్లకు మించి పంపకుండా హద్దు పెట్టింది. కాని విశ్వాసి హృదయంలో దైవభీతి పెట్టే హద్దు మొదటి చాట్ దగ్గరే ఉండాలి.

అసలు పరీక్ష

మనకు ఇష్టమైన నాయకుడి మీద అబద్ధం వస్తే వెంటనే విచారిస్తాం. మనం వ్యతిరేకించే నాయకుడి మీద వస్తేనో? అసలు పరీక్ష అక్కడే ఉంది.

2023 ఏప్రిల్‌లో చేవెళ్ళ సభలో కేంద్ర హోంమంత్రి అమిత్ షా, తమ పార్టీ అధికారంలోకి వస్తే తెలంగాణలో ముస్లిం రిజర్వేషన్లను తొలగిస్తామని ప్రకటించారు. 2024 లోక్‌సభ ఎన్నికల సమయంలో ఆ వీడియోను మార్చి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్లనే రద్దు చేస్తామని ఆయన అన్నట్లు ప్రచారం చేశారు. దానిపై ఢిల్లీ పోలీసులు కేసు నమోదు చేశారు. ఆయన నిజంగా అన్న మాట మనకు బాధ కలిగించేదే. దాన్ని ఉన్నది ఉన్నట్లు చెప్పి, చట్టబద్ధంగా వ్యతిరేకించే హక్కు మనకుంది. కాని అనని మాటను ఆయనకు అంటగట్టే హక్కు ఏ ముస్లింకూ లేదు. ఒక వర్గం పట్ల ఉన్న ద్వేషం మిమ్మల్ని న్యాయానికి దూరం చేయకూడదన్నది అల్లాహ్ ఆజ్ఞ (అల్ మాయిదా : 8).

మన సముదాయం మీద కట్టుకథలు, మార్చిన వీడియోలు వచ్చినప్పుడు మనం ఎంత తల్లడిల్లిపోతాం! ఇతరుల నుండి నిండుగా కొలిపించుకుని, ఇతరులకు తగ్గించి కొలిచేవారికి వినాశం తప్పదని ఖుర్ఆన్ హెచ్చరించింది (అల్ ముతఫ్ఫిఫీన్ : 1-3). ఆ కొలమానం బియ్యానికీ వర్తిస్తుంది, మాటకూ వర్తిస్తుంది. పైగా అబద్ధం బయటపడిన రోజున మన నిజమైన ఫిర్యాదును కూడా ఎవరూ నమ్మరు.

మౌనం పరిష్కారం కాదు

అలాగని ఫోను మూసి కూర్చోమని ధర్మం చెప్పదు. సాక్ష్యాన్ని దాచవద్దని కూడా ఖుర్ఆన్ ఆదేశించింది (అల్ బఖర : 283). ఎన్నికల సంఘం 2018లో సి-విజిల్ అనే యాప్‌ను ప్రవేశపెట్టింది. డబ్బు, మద్యం పంచటాన్ని కళ్ళారా చూసినవారు అక్కడికక్కడే ఫోటో తీసి పంపితే 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది దాని ఉద్దేశం. చూసినదాన్ని చెప్పటం సాక్ష్యం. చూడనిదాన్ని చూసినట్లు పంచటం కూట సాక్ష్యం. అదే ఫోనుతో ఓటరు జాబితాలో ఇంటిల్లిపాది పేర్లు సరిచూసుకోవచ్చు. వీధిలో నీళ్ళు రాకపోతే ప్రజాప్రతినిధిని మర్యాదగా నిలదీయవచ్చు.

ఏదైనా సందేశం వస్తే పంపేముందు కాసేపు ఆగండి. ఇది ఎవరు చెప్పారు? పూర్తి ప్రసంగం విన్నానా? రేపు ప్రళయదినాన అల్లాహ్ సన్నిధిలో దీనికి జవాబు చెప్పగలనా? అని ప్రశ్నించుకోండి. ఇంట్లో పెద్దలు పొరపాటున అబద్ధపు వార్త పంపితే పిల్లలు గ్రూపులో అందరి ముందు వారిని కించపరచకూడదు. విడిగా ఫోను చేసి, “అబ్బాజాన్, ఇది నిజం కాదట” అని వినయంగా చెప్పాలి. ఇప్పటికే తప్పుడు వార్త పంపినవారు దాన్ని తుడిచేసి ఊరుకుంటే సరిపోదు. ఇతరుల గౌరవానికి భంగం కలిగించిన పాపానికి తౌబాతో పాటు దిద్దుబాటు కూడా అవసరం. ఏ గ్రూపులో పంపారో అదే గ్రూపులో అది అబద్ధమని తెలియజేయాలి.

మన నాలుకలనూ, వేళ్ళనూ అబద్ధం నుండి కాపాడి, శత్రువు పట్ల సైతం న్యాయంగా నిలిచే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.