కాయకమా? జూదమా?

హనుమంతునిపాడు మెట్టరైతు వానను నమ్మి విత్తును. అదియు సాహసమే గదా, చిన్న కంపెనీల షేర్లు, క్రిప్టో కొనుట దోషమెట్లగునని కొందరి ప్రశ్న. రైతు తన నేలనెరుగును, చెమటోడ్చును. ఆ పంట పదిమంది ఆకలి తీర్చును. ఎరుగక షేరు కొన్నవాడు మరొక ఎరుగనివానికి హెచ్చు ధరకమ్మి లాభింపజూచును.

లెక్కలు కపటమని 2009 జనవరి 7న వెల్లడి కాగా, పెద్ద సంస్థయైన సత్యం షేరే ఒక్కనాడు సుమారు 179 రూపాయల నుండి 40కి దిగెను. 2021 నవంబరున సుమారు 69 వేల డాలర్లున్న బిట్‌కాయిన్ ఏడాదిలో 16 వేల దరికి పడెను.

కంపెనీ స్థితి విచారించి, పోయినను ఇల్లు చెదరని సొమ్ముతో కొనుట వ్యాపారము. విత్తనపు సొమ్ము, అప్పు సొమ్ము ఒడ్డుట జూదము. బసవేశ్వరులు కాయకమును దాసోహముతో ముడివేసిరి. ఒకరి కన్నీటితో వచ్చిన లాభమును గృహస్థు జంగమునకెట్లు సమర్పించును?